బారువడ్డీ, చక్రవడ్డీ, మా ఆవిడ జీఆర్ఈ

2001లో నేను హైదరాబాదులో జీఆర్ఈ రాశాను. లెక్కల్లో 800కి 800. ఈ మాట ఇప్పటిదాకా ఎంతమందికి చెప్పుంటానో లెక్కలేదు. పెళ్ళిచూపుల్లో మా మావగారికి చెప్పాను. అమెరికా వచ్చిన కొత్తల్లో రూమ్మేట్లకి చెప్పబోతే, ఆ గదిలో నలుగురికి నలుగురూ 800 వాళ్ళేనని తెలిసి ఊరుకున్నాను. మా అమ్మాయి ఏడో క్లాసులో లెక్కల హోంవర్కు ముందేసుకుని ఏడుస్తుంటే ధైర్యం చెప్పడానికని దానికీ చెప్పాను. "ఔటాఫ్ హౌ మెనీ?" అని అడిగింది తప్ప పెద్దగా చలించలేదు.

వెర్బల్లో ఎంతొచ్చిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను. బారన్స్ పుస్తకంలో ఉన్న మూడున్నరవేల మాటల్నీ వరసగా బట్టీ పడదామని మొదలుపెట్టి, 'సి' అక్షరం దాటకుండా కూలబడ్డవాళ్ళలో నేనొకణ్ణని చెబితే తెలిసినవాళ్ళకి అర్థమైపోతుంది.

సరే, ఈ కథ నా 800 గురించి కాదు. దాని పరువు ఎలా పోయిందన్నదాని గురించి.

2024 మార్చిలో ఒక గురువారం. మేముండేది కొలంబస్‌లో, అప్పటి నా క్లయింటు షార్లెట్‌లో. సోమవారం పొద్దున్నే ఫ్లైటెక్కడం, గురువారం రాత్రి దిగడం. కన్సల్టెంటు సంసారం అంటే వారానికి మూడు రాత్రులు హోటల్లో అన్నమాట. ఆ రోజు ఇంటికొచ్చేసరికి పదిన్నరైంది. మా ఆవిడ పెరుగన్నం గిన్నె నా ముందు పెట్టి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, "నేను జీఆర్ఈ రాద్దామనుకుంటున్నానండీ" అంది.

"ఇప్పుడా?" అన్నాను, ఆవకాయ ముక్క నములుతూ.

మూడక్షరాల మాట. దాని ఖరీదు తర్వాత తెలిసింది.

ఆవిడ సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళది తణుకు. మా మావగారికి అక్కడ బట్టల కొట్టుండేది. ఈవిడ చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియం. తర్వాత బీఎస్సీ, అదీ తెలుగు మీడియమే, ఆ పైన ఏడాది బీఈడీ. ఏడాదిన్నర ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిది, పది తరగతులకి లెక్కలు చెప్పింది. 2006లో నన్ను చేసుకుని, హెచ్4 వీసా మీద ఇక్కడికొచ్చింది. ఆ వీసా మీద ఉద్యోగం కుదరదు. 2015లో హెచ్4 వాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి ఇవ్వడం మొదలెట్టాక, మా పేటలో ఎలిమెంటరీ స్కూల్లో ఎయిడ్‌గా చేరింది. అంటే పిల్లల చేత లంచ్ తినిపించడం, ఆటల టైములో కాపలా కాయడం. కొన్నాళ్ళకి, లెక్కల్లో వెనకబడ్డ పిల్లల్ని ఈవిడ పక్కన కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఆ పిల్లలు బాగుపడ్డారు. ఈవిడకి పాత రుచి మళ్ళీ తగిలింది.

మా ఊరి యూనివర్సిటీలో సాయంత్రాలు చదువుకునే స్టాటిస్టిక్స్ మాస్టర్స్ ఒకటుంది. బీఎస్సీ మూడేళ్ళు, బీఈడీ ఒకటి, కలిపి పదహారేళ్ళ చదువు లెక్కకి సరిపోయింది. జీఆర్ఈ తప్పనిసరి కాదుగానీ, మీ డిగ్రీ చాలా పాతది కదా, క్వాంట్‌లో మంచి స్కోరుంటే మీ దరఖాస్తుకి బలం అని అక్కడివాళ్ళు మెయిలు రాశారట. ఆ మెయిలొచ్చి అప్పటికే మూడు వారాలైందని ఆ రాత్రి తెలిసింది.

"దానికేముంది, నేను చెప్తాగా" అన్నాను. 800 వాణ్ణి ఇంట్లో పెట్టుకుని కోచింగు దేనికి?

మర్నాడే క్లాసు మొదలుపెట్టాను. "మొదటి అయిదు ప్రశ్నలూ ప్రాణం పెట్టి చెయ్యాలి. ఒకసారి జవాబు నొక్కాక వెనక్కెళ్ళడం ఉండదు. 28 ప్రశ్నలు, 45 నిమిషాలు." మా ఆవిడ నేను చెప్పిందంతా విని, "ఇవన్నీ ఎప్పటివండీ?" అంది. ఆవిడ అప్పటికే పరీక్ష పెట్టేవాళ్ళ వెబ్‌సైటు మొత్తం చదివేసింది. నేను చెప్పిన పరీక్ష 2011 ఆగస్టులోనే మారిపోయింది. 800 పోయి, మార్కులు 130 నుంచి 170 దాకా అయ్యాయి. తెర మీద కాలిక్యులేటర్ వచ్చింది. 2023 సెప్టెంబరు నుంచి మరీ కుదించేసి, మొత్తం పరీక్షే రెండు గంటల లోపు చేశారు. లెక్కలు రెండు భాగాలు: ఒకదాంట్లో 12 ప్రశ్నలకి 21 నిమిషాలు, రెండోదాంట్లో 15 ప్రశ్నలకి 26 నిమిషాలు. మొదటి భాగం ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో భాగం కష్టంగానో తేలిగ్గానో వస్తుంది. భాగం లోపల మాత్రం ఎన్నిసార్లయినా వెనక్కెళ్ళి దిద్దుకోవచ్చు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, సపోర్టు ఎప్పుడో ఆపేసిన వెర్షను మీద నేను సలహాలిస్తున్నాను. ఆ పని ఆఫీసులో ఎవరైనా చేస్తే నేనే నవ్వుతాను.

ఆవిడకి లెక్కలు కొత్త కాదు. కొత్తల్లా భాషే. రెండువందల పేజీల నోటుబుక్కు ఒకటి తీసుకుని, ప్రతి పేజీకీ నడిమధ్యన నిలువుగీత కొట్టి, ఎడమవైపు ఇంగ్లీషు మాట, కుడివైపు తెలుగు మాట రాసుకుంటూ పోయింది. న్యూమరేటర్ – లవం. డినామినేటర్ – హారం. రెసిప్రోకల్ – వ్యుత్క్రమం. ఫ్యాక్టర్ – కారణాంకం. మల్టిపుల్ – గుణిజం. ఇంటిజర్ – పూర్ణాంకం. ప్రాబబిలిటీ – సంభావ్యత. ఎల్‌సీఎం – కసాగు. నేను మొదట్నుంచీ ఇంగ్లీషు మీడియం వాణ్ణి. కసాగు, గసాభా అంటే మా వీధిలో పిల్లల నోట విన్నాను గానీ, కనిష్ఠ సామాన్య గుణిజం, గరిష్ఠ సామాన్య భాజకం అని విప్పి చెబితే ఎంత తేటగా ఉంటుందో ఇన్నేళ్ళకి తెలిసింది.

మా అమ్మాయి ఆ నోటుబుక్కు తిరగేసి, "హారం మీన్స్ నెక్లెస్ కదమ్మా?" అంది. "అవునే, కింద వేలాడుతుంది కదా, అందుకని" అంది మా ఆవిడ టకామని. హరించేది, అంటే భాగించేది కాబట్టి హారం అని ఆవిడకి తెలుసు. కానీ ఆ నెక్లెసు లెక్క మా అమ్మాయి జన్మలో మర్చిపోదు. టీచరంటే అదన్నమాట. ఆ క్షణంలోనే నాకు అనుమానం రావలసింది, ఈ ఇంట్లో ఎవరు ఎవరికి చెప్పాలీ అని.

పెద్ద మాటలు పదిరోజుల్లో లొంగిపోయాయి. చంపుకు తిన్నవి చిన్న మాటలు. 'ఎట్ లీస్ట్' కనబడగానే 'లీస్ట్' ఉందిగా అని కిందికి లెక్కేసేది. 'ఎట్ మోస్ట్' అంటే పైకి. రెండూ తిరగబడేవి. చివరికి నోటుబుక్కులో ఇలా రాసుకుంది: "ఎట్ లీస్ట్ – కనీసం – పైకి. ఎట్ మోస్ట్ – మహా అయితే – కిందికి. ఇన్‌క్లూసివ్ – చివరివాటితో సహా – ఒకటి కలుపు." పదినుంచి యాభై దాకా ఎన్ని అంకెలంటే నలభై కాదు, నలభై ఒకటి. ఆ ఒకటి కలపక పరీక్షలు పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో! నేను రాసే ప్రోగ్రాముల్లో సగం తప్పులు ఆ ఒకటి దగ్గరే వస్తాయి.

ఒకరోజు 'ఫైవ్ లెస్ దేన్ ఎక్స్' అన్నది దగ్గర ఆగింది. ఇంగ్లీషులో చదువుకున్న పిల్లలు దీన్ని ఐదులోంచి ఎక్స్ తీసేసినట్టు రాస్తారు, ఎందుకంటే చెవికి ఐదు ముందు వినిపిస్తుంది. ఇక్కడి స్కూళ్ళలో రోజూ జరిగే తప్పే ఇది. మా ఆవిడ ఆ వాక్యాన్ని తెలుగులోకి మార్చి పైకి చదివింది: "ఎక్స్ కన్నా ఐదు తక్కువ." ముందు ఎక్స్, తర్వాత ఐదు, ఆ తర్వాత తక్కువ. రాయవలసిన వరస కూడా అదే! "చూశారా, తెలుగులో చదివితే లెక్క దానంతటదే రాసుకుంటుంది" అంది. నేను ఇరవయ్యేళ్ళకి పైగా ఇంగ్లీషులో బతుకుతున్నాను, ఈ సంగతి ఎప్పుడూ తట్టలేదు. పదకొండో శతాబ్దంలోనే పావులూరి మల్లన, మహావీరాచార్యుడి సంస్కృత గణితసారసంగ్రహాన్ని తెలుగు పద్యాల్లో పెట్టాడు. ఆయన తర్వాత లెక్కల్ని తెలుగులో ఆలోచించినవాళ్ళకి కొదవలేదు. అది చిన్నతనమని మాకెవరు నేర్పారో గానీ, గట్టిగానే నేర్పారు.

ఇక శాతాలు. ఇక్కడ నేను ఒక వల పన్నాను. "ఒక వస్తువు ధర 25 శాతం పెంచి, ఆ తర్వాత 20 శాతం తగ్గించారు. లాభమా, నష్టమా?" అందరూ "ఇంకా ఐదు శాతం మిగిలింది" అంటారు కదా, అప్పుడు పట్టుకుందామని. ఆవిడ పెన్ను కూడా ఎత్తలేదు. "మొదటికే వస్తుంది" అంది.

"ఎలా?"

"ఆషాఢంలో మా నాన్న చేసేది అదేగా! నాలుగొందల చీర మీద ఐదొందలని చీటీ అంటించి, ఇరవై శాతం తగ్గింపు అని బోర్డు పెట్టేవారు. చీటీలు అంటించేదాన్ని నేనే."

నా మావగారు బతికుంటే ఈ రహస్యం ఇలా బయటపెట్టినందుకు ఏమనేవారో. ఆయన దగ్గర నేను పెళ్ళి బట్టలు కొన్నది ఆషాఢంలో కాదు కాబట్టి నా డబ్బుకి ఢోకా లేదు.

వడ్డీ లెక్కల్లో మాత్రం వింతగా తడబడింది. ఏడాదికి 8 శాతం, మూడు నెలలకోసారి చక్రవడ్డీ అని లెక్క. ఆవిడ జవాబు కొండంత వచ్చింది. చూస్తే, 8 శాతాన్ని నెలకి వేసేసింది. తణుకులో వడ్డీ అంటే నెలకి కదా! రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకి రూపాయి, ఏడాదికి పన్నెండు శాతం. "మరి ఏడాదికి ఎనిమిదంటే ముప్పావలా వడ్డీ కూడా కాదే! ఇంత తక్కువకి అప్పెవరిస్తారండీ?" అని నిజంగానే ఆశ్చర్యపోయింది. అది అర్థమయ్యాక ఎనిమిదిని నాలుగుతో భాగించి, రెండు శాతం చొప్పున నాలుగుసార్లు వేసి, నూరు రూపాయలకి ఎనిమిది రూపాయల ఇరవై నాలుగు పైసలని కాగితం మీదే తేల్చేసింది.

పేకముక్కలతో ఇంకో తంటా. సంభావ్యత లెక్కల్లో పేకముక్కలు ఉంటాయి. వాళ్ళింట్లో పేక గడప తొక్కనివ్వలేదు. ఎర్రవి ఎన్ని, బొమ్మలెన్ని, ఏదీ తెలీదు. ఇందులో మాత్రం నేను పండితుణ్ణి. డైనింగు టేబుల్ మీద 52 ముక్కలూ పరిచి కూర్చోబెట్టి చెప్పాను. అరగంటలో సంభావ్యతా వచ్చింది, రమ్మీ కూడా వచ్చింది. ఆ రాత్రే నన్ను రెండాటలు ఓడించింది.

ప్రస్తారాల్లో 'బనానా' లెక్క అందరికీ తెలిసిందే. ఇంగ్లీషులో ఆరక్షరాలు, ఒకటి మూడుసార్లు, ఇంకోటి రెండుసార్లు, కాబట్టి 60 రకాలుగా మార్చి రాయొచ్చు. మా అమ్మాయి జవాబు చెప్పి గర్వంగా చూసింది. "మరి అరటిపండు?" అంది వాళ్ళమ్మ. ఐదక్షరాలు, ఏదీ మళ్ళీ రాలేదు, 120. ఇంగ్లీషు అరటిపండు కన్నా తెలుగు అరటిపండు సరిగ్గా రెండింతలని ఇద్దరూ నవ్వుకున్నారు. నేను ఆఫీసు కాల్లో ఉండి నవ్వలేకపోయాను.

నా మొదటి పరాభవం ఏప్రిల్లో జరిగింది. జీఆర్ఈలో పోలిక ప్రశ్నలుంటాయి. రెండు రాశులిస్తారు, మొదటిది పెద్దదా, రెండోది పెద్దదా, రెండూ సమానమా, లేక చెప్పలేమా. ఎక్స్ సున్నా కన్నా పెద్దది. ఎక్స్ వర్గం పెద్దదా, ఎక్స్ పెద్దదా? నేను ఫోన్లో మెయిలు చూసుకుంటూనే "వర్గమే పెద్దది, ఇందులో ఏముంది" అన్నాను.

"అర అయితేనండీ?"

అరకి వర్గం పావు. పావు అర కన్నా చిన్నది. ఒకటైతే రెండూ సమానం. జవాబు 'చెప్పలేం'. నేను ఫోను కింద పెట్టాను. మా ఆవిడ ఏమీ అనలేదు. నోటుబుక్కు వెనకపేజీలో మాత్రం ఒక గీత గీసింది. అలాంటివి పరీక్షనాటికి ఎన్నయ్యాయో నేను అడగలేదు.

జులై ఆఖర్లో మొదటి ప్రాక్టీసు పరీక్ష. పరీక్ష పెట్టేవాళ్ళే రెండు ఉచితంగా ఇస్తారు. శనివారం పొద్దున్న గది తలుపు వేసుకుని కూర్చుంది. బయటికొచ్చి, "151" అంది. ఆవిడకి కావలసింది 160 పైన.

నేను తప్పుపోయినవన్నీ తెరిచి చూస్తూ, ఒకదాని దగ్గర ఆగి, "ఇది టెన్త్‌క్లాసు లెక్కేగా, ఇదెలా పోయింది?" అన్నాను. తిట్టాలని కాదు. నిజంగానే అర్థంకాక అడిగాను. అదే ఇంకా పెద్ద తప్పు.

"అవును, టెన్త్‌క్లాసు లెక్కే. నేను పిల్లలకి చెప్పిన లెక్కే. చెప్పి పద్దెనిమిదేళ్ళయింది" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట మిక్సీ చాలాసేపు తిరిగింది. భోజనాల దగ్గర మాత్రం ఏ పచ్చడీ కనబడలేదు.

మధ్యాహ్నం, ప్రాయశ్చిత్తంగా, గోడకి పెట్టుకునే తెల్లబోర్డు ఒకటుండాలి వెతుకుదామని బేస్‌మెంటులోకి దిగాను. బోర్డు దొరకలేదు. మేం ఈ ఇంట్లోకి వచ్చినప్పట్నుంచీ విప్పని అట్టపెట్టె ఒకటి దొరికింది. పైన కాలేజీ ఫొటోలు, మా అమ్మాయి ఉయ్యాల ఫొటోలు. అడుగున ఒక జీఆర్ఈ పుస్తకం. నాదనుకున్నాను. కాదు. మొదటి పేజీలో మా ఆవిడ చేతిరాత: పేరు, కింద "జూన్ 2009". లోపల మొదటి అధ్యాయం నుంచీ పెన్సిల్‌తో ప్రతి లెక్కా చేసి ఉంది. భిన్నాలు, శాతాలు, నిష్పత్తులు. అంచుల్లో ఇప్పటి నోటుబుక్కులో ఉన్నట్టే తెలుగు మాటలు. 'కాలం – పని' దగ్గర ఆగిపోయింది. అక్కడ మడతపెట్టిన కాగితం. ఏ వారంలో ఏ అధ్యాయమో రాసుకున్న పట్టిక. డిసెంబరు రెండో వారం ఎదురుగా "పరీక్ష" అని రాసి, కింద రెండు గీతలు.

నాకు గుర్తులేదనను. గుర్తుంది. ఆ ఏడాది మాంద్యం. నా ప్రాజెక్టు పోయి రెండు నెలలు బెంచి మీద ఉన్నాను, జీతం లేదు. ఫీజులెక్కడ కడతాం, వచ్చే ఏడు చూద్దామన్నాను. వచ్చే ఏడు అమ్మాయి పుట్టింది. ఆ తర్వాత క్లయింటు వేరే రాష్ట్రంలో, ఇల్లు మారడం. ఆ తర్వాత ఇల్లు కొనడం. ఆ తర్వాత గ్రీన్‌కార్డు లైను. అది తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకి చెప్పినా నమ్మరు. ప్రతిసారీ కారణం నిజమైనదే. ఒక్కటి కూడా అబద్ధం కాదు. అన్నీ కలిపితే పదిహేనేళ్ళు. బారువడ్డీ అనుకుంటూ కట్టుకుంటూ పోయాను, అవతల చక్రవడ్డీ పడుతోంది.

పుస్తకం పట్టుకుని పైకొచ్చి టేబుల్ మీద పెట్టాను. ఆవిడ చూసింది. పేజీలు తిప్పింది. "అప్పుడు ఇంత గుండ్రంగా రాసేదాన్నా!" అంది.

"నేను వద్దనలేదు కదా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు కూడా.

"వద్దనుంటే పోట్లాడేదాన్నండీ. మీరు చూద్దామన్నారు" అంది. కోపంగా కాదు. 'ఎట్ మోస్ట్ అంటే కిందికి' అన్నంత మామూలుగా.

నాకు జవాబు లేదు. ఇప్పటికీ లేదు.

ఆవిడే పెన్సిల్ తీసుకుని, ఆగిపోయిన చోట ఉన్న లెక్క చదివింది. ఇద్దరు కలిసి చేస్తే ఆరు రోజులు పట్టే పని, మొదటివాడొక్కడే చేస్తే పది రోజులు. రెండోవాడికెన్నాళ్ళు? ఆరో వంతులోంచి పదో వంతు తీసేస్తే పదిహేనో వంతు. "పదిహేను రోజులు" అని రాసి, "ఈ లెక్కల్లో ఇద్దరూ మొదటి రోజునుంచే పనిలో దిగుతారు, చూశారా" అంది. అప్పుడు నవ్వింది. ఆ నవ్వులో నేను కలవలేదు.

మర్నాడు ఆదివారం, నేనూ అదే ప్రాక్టీసు పరీక్ష రాశాను. ఎవరూ రాయమనలేదు. గది తలుపు వేసుకున్నాను. మా అమ్మాయి బయట స్టూలు వేసుకుని కాపలా కూర్చుంది, "నో ఫోన్, నాన్నా" అంటూ.

154.

2001లో 800. 2024లో 154. మధ్యలో నేను చేసిందల్లా కంప్యూటర్ల పని! ఎలా పోయిందో చెబుతాను. 240లో 15 శాతం ఎంత అన్నదానికి కూడా నా చెయ్యి తెర మీద కాలిక్యులేటర్ వైపు పోయింది. అందులో ఒక్కో అంకే నొక్కుకోవాలి. మా ఆవిడ పద్ధతి: పదిశాతం ఇరవైనాలుగు, అందులో సగం పన్నెండు, ముప్ఫైఆరు. అయిపోయింది. ఆవిడకి ఇరవయ్యో ఎక్కం దాకా నోటికొచ్చు. ఇంకోటి, బొమ్మ చూసి లంబకోణమే కదా అనుకున్నాను. బొమ్మలు కొలతల ప్రకారం గీసినవి కాకపోవచ్చని ముందే చెబుతారు. అన్నిటికన్నా ఘోరం, ఒక లెక్క రావట్లేదని పంతం పట్టి దానిమీద ఐదు నిమిషాలు పెట్టాను. ఆఖరి మూడూ చూడనే లేదు. తప్పు జవాబుకి మార్కులు కోసుకోరు కాబట్టి ఊరికే ఏదో ఒకటి నొక్కినా బావుండేది. అదీ చెయ్యలేదు.

మా ఆవిడ ఎర్రపెన్ను తెచ్చింది. (మా ఇంట్లో ఎర్రపెన్ను ఉందని నాకు ఆ రోజే తెలిసింది.) నా తప్పులన్నిటి పక్కనా ఒక్కో మాట రాసింది. "చూశారు గానీ చదవలేదు." "పంతం." "సున్నా మర్చిపోయారు." "లెక్క సరే, అడిగింది వేరు." పదో తరగతి పిల్లాడి పేపరు దిద్దినట్టు. కొన్నిటి పక్కన "బాగుంది" అని కూడా ఉంది. నిజం చెప్పొద్దూ, సంతోషమేసింది.

అప్పట్నుంచి కోచింగు బాధ్యత ఆవిడే తీసుకుంది, ఇద్దరికీ. సోమ, మంగళ, బుధవారాలు నేను షార్లెట్ హోటల్లోంచి ఫోను. అదే పదిహేను లెక్కలు ఇద్దరం అరగంటలో చెయ్యాలి. ఆ తర్వాత జవాబులు కాదు, దారి చెప్పుకోవాలి. తప్పుపోయిన లెక్క వేరే పుస్తకంలోకి ఎక్కుతుంది, జవాబు లేకుండా. వారం తర్వాత మళ్ళీ చెయ్యాలి. మళ్ళీ తప్పితే మళ్ళీ వారం. "కొత్త లెక్కలు చేస్తే సంతోషంగా ఉంటుంది, పాత తప్పులు చేస్తే మార్కులొస్తాయి" అని ఆవిడ సిద్ధాంతం. కాలిక్యులేటర్ నాకు పూర్తిగా నిషేధం. ఆగస్టులో 60 మైళ్ళ వేగంతో వెళ్ళి 40 మైళ్ళ వేగంతో తిరిగొస్తే సగటెంత అని అడిగితే, 50 కాదు 48 అని నేనే ముందు చెప్పి, ఎయిర్‌పోర్టు గేటు దగ్గర గట్టిగా చెయ్యి పైకెత్తాను. పక్కనున్నాయన జరిగి కూర్చున్నాడు.

వెర్బల్ సంగతి పెద్దగా చెప్పడానికేం లేదు. యూనివర్సిటీవాళ్ళు చూసేది క్వాంటే. ఆవిడ రోజుకి పది మాటలు చొప్పున చదువుకుంది, 'సి' దాటింది.

అక్టోబరులో రెండో ప్రాక్టీసు పరీక్ష, 161. నవంబరులో అసలు పరీక్ష.

ఆ ముందురోజు రాత్రి ఒక ఇబ్బంది. పెళ్ళి ఉంగరం తప్ప ఇతర నగలు వేసుకు రావద్దని నియమాల్లో ఉంది. "మరి మంగళసూత్రం?" అంది. ఉంగరం లాంటిదేగా అని నేను. ఉంగరం కాదుగా అని ఆవిడ. పోలిక ప్రశ్నే. జవాబు 'చెప్పలేం'. చివరికి వేసుకునే వెళ్ళింది. జేబులు తిరగేయించి, కళ్ళజోడు తీయించి చూసిన అక్కడి ఉద్యోగిని, గొలుసు లోపలికి వేసుకోమని మాత్రం చెప్పిందట.

నేను పార్కింగులో కారులోనే ఉన్నాను. సీటు మీద ఆ 2009 పుస్తకం. ఏమీ తోచక 'కాలం – పని' తర్వాత అధ్యాయం తెరిచి రెండు లెక్కలు చేశాను. ఒకటి తప్పు పోయింది.

రెండున్నర గంటల తర్వాత వచ్చింది. చలికి కోటు గుండీలు పెట్టుకుంటూ, మామూలుగా నడిచింది. నడకని బట్టి ఏమీ చెప్పలేకపోయాను. కారెక్కి, తలుపు వేసి, బెల్టు పెట్టుకుని, అప్పుడు చెప్పింది. లెక్కల్లో 165. పరీక్ష అవగానే తెర మీద చూపించేస్తారు.

నేను ఏదో అనబోయాను. "ముందు హీటరు వెయ్యండి" అంది.

దారిలో ఉండబట్టలేక, "కష్టమైనవి ఏమొచ్చాయి? రెండో భాగంలో ఏమడిగాడు?" అన్నాను. ప్రశ్నలు బయట ఎవరికీ చెప్పనని పరీక్షకి ముందు ఒప్పుకోవాలి కదా, అందుకని చెప్పనంది. నేను మొగుణ్ణి కదా అన్నాను. మొగుడికి చెప్పొచ్చని అందులో రాయలేదంది.

2025 ఆగస్టులో క్లాసులు మొదలయ్యాయి. మంగళ, గురువారాలు సాయంత్రం. నేను షార్లెట్ ప్రాజెక్టు వదిలేసి, జీతం కొంచెం తక్కువైనా ఊళ్ళోనే ఒకటి చూసుకున్నాను. ఆ రెండు రోజులూ వంట నాది. మా అమ్మాయి దానికి విడిగా మార్కులు వేస్తోంది, 130 నుంచి 170 దాకా. ఇప్పటిదాకా నా అత్యధిక స్కోరు 148, అదీ ఉప్మాకి. నిన్న రాత్రి అన్నాలయ్యాక, పోనీ ఇప్పుడైనా ఆ పరీక్షలో లెక్కలేమొచ్చాయో ఒక్కటి చెప్పవే అని మళ్ళీ అడిగాను. ప్రాబబిలిటీ హోంవర్కులోంచి తలెత్తకుండానే, "చూద్దాం" అంది.